13–1 నుంచి 2–10కి: మన ఫ్లోరిడా స్టేట్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టు నోల్స్ మునిగింది కోచ్ వల్లా, పోర్టల్ (ఆటగాళ్లు కాలేజీ మారే పద్ధతి) వల్లా?

గార్నెట్_గోదారోడు: మొన్న శనివారం (2024 నవంబర్ 30) ఫ్లోరిడా యూనివర్సిటీ చేతిలో 31–11తో ఓడి మన సీజన్ అయిపోయిందండీ. పోయినేడు ఇదే మన ఫ్లోరిడా స్టేట్ ఒక్కటీ ఓడకుండా 13 గెలిచి ఏసీసీ కాన్ఫరెన్స్ ఛాంపియన్ అయింది. ఈ ఏడు 12 ఆడి 10 పోగొట్టుకుంది. మొదలెట్టేటప్పుడు దేశం మొత్తం మీద ఏపీ ర్యాంకింగ్‌లో పదో స్థానం! ఆగస్టు 24న డబ్లిన్‌లో జార్జియా టెక్ చేతిలో 24–21తో పట్టిన శని మళ్ళీ వదల్లేదు. డ్యూక్‌తో అప్పటిదాకా 22 ఆడి 22 గెలిచాం, ఆ ముచ్చటా అక్టోబర్‌లో తీరిపోయింది. నోట్రడామ్ దగ్గర 52–3 అయ్యాక కోఆర్డినేటర్లిద్దర్నీ (అఫెన్స్, డిఫెన్స్ కోచ్‌లని) పంపేశారు, హెడ్ కోచ్ నార్వెల్ మాత్రం ఉన్నాడు. ఉండాలా, పోవాలా? నా ఓటు ఉండాలనే. తిట్టుకోండి, కానీ లెక్కలతో తిట్టుకోండి.

నల్గొండ_నోల్: లెక్కలే చెప్త. జనవరిలో అలబామా కోచ్ సేబన్ రిటైరై ఆ కుర్చీ ఖాళీ అయింది. మనాయన ఎక్కడ అటు పోతడో అని భయపడి 2031 దాకా కాంట్రాక్ట్ రాసిచ్చిన్రు, ఏటా కోటి డాలర్ల పైన. ఇప్పుడు పొమ్మనాలంటే 6 కోట్ల డాలర్లకు పైనే చేతిల పెట్టాలె. పెండ్లికి ముందే విడాకుల ఖర్చు రాసిచ్చినట్టుంది.

ఇగ మెంఫిస్ మ్యాచ్ సంగతి. సెప్టెంబర్ 14, మిట్టమధ్యాహ్నం. జాక్సన్‌విల్ నుంచి టల్లహాసీకి ఐ-10 మీద రెండున్నర గంటలు కారు నడుపుకుంటొచ్చిన, మా ఎనిమిదేండ్ల పిల్లగాన్ని తోలుకొని. వాడి మొకానికి వాళ్లమ్మ మన టీమ్ గార్నెట్ రంగు పూసింది. ఆ ఎండకు రంగంతా చెమటల కారి చొక్కా కాలర్ దాకా వచ్చింది. మూడో క్వార్టర్‌ల "డాడీ, మనోళ్లు ఏ రంగు?" అనడిగిండు. ఎవ్వల చేతిల ఓడినం? నార్వెల్ వదిలేసి వచ్చిన టీమ్ చేతిల. ఆయన కింద పనిచేసిన సిల్వర్‌ఫీల్డే అప్పుడక్కడ కోచ్. 20–12.

అసలు రోగం పోర్టల్. ఎరువు సొమ్ము బరువు చేటని ఊకెనే అనలే. క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేటోడు) డీజే క్లెమ్సన్‌ల ఉన్నడు, ఒరెగాన్ స్టేట్‌ల ఉన్నడు, ఇది మూడో కాలేజి. ఇల్లరికపు అల్లుడు ఇల్లు కాస్తడా?

గార్నెట్_గోదారోడు: అన్నా, ఆ అల్లుళ్లే కదా పోయినేడు 13 గెలిపించింది! కియాన్ కోల్మన్ మిషిగన్ స్టేట్ నుంచి వచ్చాడు. జేరెడ్ వెర్స్ ఆల్బనీ నుంచి, ఫిస్క్ వెస్టర్న్ మిషిగన్ నుంచి, ట్రే బెన్సన్ ఒరెగాన్ నుంచి. అప్పుడు మీకు పోర్టల్ బంగారు బాతు. ఇంకోటి, డీజేకి సదరన్ మెథడిస్ట్ మ్యాచ్‌లో చేతికి దెబ్బ తగిలింది. ఆ తర్వాత క్లెమ్సన్, డ్యూక్ మ్యాచ్‌లకి బ్రాక్ గ్లెన్ దిగాడు. డ్యూక్ పాపం డీజే నెత్తిన పెట్టకండి.

నల్గొండ_నోల్: డ్యూక్ పేరు నేనెత్తలే. నువ్వే ఎత్తినవు.

టల్లహాసీ_కొత్త: నేను ఆగస్టులోనే ఎంఎస్‌కి వచ్చాను. మా సీనియర్లు "ఈ ఏడు జాతీయ ఛాంపియన్ మనమే" అని 2 చొక్కాలు కొనిపించారు. వెనక్కి తీసుకుంటారా?

అంకెల_ఆచారి: ఎవరూ కూడికలు వేయట్లేదు కాబట్టి నేను వేశా. 12 మ్యాచ్‌ల్లో మనం కొట్టింది 185 పాయింట్లు, ఇచ్చింది 336. సగటున 15.4 కొట్టి 28 ఇచ్చాం. డిఫెన్స్ కంటే అఫెన్స్ ఘోరం.

నల్గొండ_నోల్: ఆచారిగారూ, దాంట్ల చార్లెస్టన్ సదరన్ అనే చిన్న టీమ్ మీద కొట్టిన 41 ఎందుకు కలిపిన్రు? అది తీసేస్తే 11 మ్యాచ్‌లకు 144.

అంకెల_ఆచారి: అది కూడా మ్యాచే.

నల్గొండ_నోల్: అది మ్యాచ్ కాదు, ఉగాది పచ్చడి. నోటికి రుచి తెలియడానికి ఇంత పెడతరు.

అంకెల_ఆచారి: సరే, తీసేస్తే సగటు 13.1. మీరన్నది ఏం మారింది? కాలిఫోర్నియా యూనివర్సిటీ మీద గెలుపు కూడా 14–9. అదీ తీసేయమంటారా?

పీహెచ్‌డీ_ఆరో_ఏడు: కోచ్ గురించి ఒక మాట. మా గైడు (ఊరూ పేరూ చెప్పను) నా నాలుగో ఏట గ్రాంట్ పట్టుకుని వేరే యూనివర్సిటీకి వెళ్లిపోయాడు. ల్యాబ్‌లో నా ఫ్రిజ్ మీద "ఖాళీ చేయవలెను" అని చీటీ అంటించి ఉంది. దాంట్లో రెండేళ్ల శాంపిళ్లు, పక్కన నా పెరుగు డబ్బా. నాకే పోర్టలూ లేదు. అప్పటి మన కోచ్ జింబో ఫిషర్ 2017లో టెక్సస్ ఏ అండ్ ఎంకి పోయినప్పుడు ఇక్కడి కుర్రాళ్ల గతీ ఇదే. కోచ్ పోవచ్చుట, ప్లేయర్ పోతే ద్రోహమట!

గార్నెట్_గోదారోడు: అదీ మాట! నార్వెల్ కూడా మెంఫిస్‌ని వదిలే వచ్చాడు, అన్న ఇందాక చెప్పినట్టే. 2021లో 0–4తో మొదలెట్టి, జాక్సన్‌విల్ స్టేట్ చేతిలో ఆఖరి బంతికి ఓడినప్పుడూ ఇలాగే "పొమ్మను" అన్నారు. మరుసటేడు 10–3. ఓపిక పట్టాలండీ.

నల్గొండ_నోల్: ఓపికనా? నువ్వు నాకు ఓపిక నేర్పుతున్నవా? నాలుగేండ్లల మూడు కంపెనీలు మారినవ్, గెట్ టుగెదర్‌ల నువ్వే చెప్పినవ్. మొన్నటి కంపెనీల 7 నెలలు. పోర్టల్ నీకెందుకు నచ్చదు? నచ్చుతది.

గార్నెట్_గోదారోడు: ఇక్కడికి తెచ్చారా! సరే. అవును, మారాను, ప్రతిసారీ జీతం పెరిగింది. మీరు తొమ్మిదేళ్లుగా ఒకే కుర్చీలో ఉన్నారంటే అది విధేయత కాదు, గ్రీన్‌కార్డు లైను. కదిలితే కాగితాలన్నీ మళ్ళీ మొదలెట్టాలని. దానికి కుర్రాళ్ల మీద పడతారేంటి?

టల్లహాసీ_కొత్త: అన్నలూ...

మోడరేటర్_అక్క: వ్యక్తిగతం వద్దు. ఇద్దరికీ చెప్తున్నా.

నల్గొండ_నోల్: అక్కా, తీసేయకు, ఉండనియ్. ఆయన చెప్పింది నిజమే. మా మేనేజర్ నా ముంగటనే ట్రైనింగ్ తీసుకున్న పిల్లగానికి ఇప్పుడు రిపోర్ట్ చెయ్యమన్నడు, సరే అన్న. ఏం చెయ్యాలె? మా పిల్లగాడు మూడో తరగతి, ఇల్లు లోన్ల ఉన్నది. ఆ 19 ఏండ్ల ప్లేయర్ ఫోన్ల ఒక్క లైన్ పెట్టి "థాంక్యూ నోల్ నేషన్" అని పోతాంటే నాకు మండుతది. తప్పు వాడిదని కాదు. మండుతది, అంతే.

పీహెచ్‌డీ_ఆరో_ఏడు: నాకైతే అసూయ అన్నా. మీది మంట అనుకుంటున్నారు.

గార్నెట్_గోదారోడు: ఆ గ్రీన్‌కార్డు మాట నేను అనకుండా ఉండాల్సింది. కానీ వాదన మారదు. పోయినేడు చివర్లో మనం 63–3తో ఓడిన ఆరెంజ్ బౌల్ గుర్తుందా? 13–0తో ఉన్న జట్టుని, మన క్వార్టర్‌బ్యాక్ ట్రావిస్ కాలు విరిగిందని, నలుగురికే చోటున్న ప్లేఆఫ్‌లో కమిటీ అయిదో స్థానంలోకి తోసింది. పెద్ద కాన్ఫరెన్స్ ఛాంపియన్ ఒక్కటీ ఓడకుండా బయట ఉండటం అదే మొదటిసారి. ఆ ఆరెంజ్ బౌల్‌లో చాలామంది ఆడనన్నారు. మీరు చెప్పే ఇల్లు ఆ రోజే కూలింది. నార్వెల్ కూల్చలేదు.

నల్గొండ_నోల్: ఇల్లు కూలినంక మళ్ళ కట్టేటందుకే కదా ఏటా కోటి డాలర్లు. కూలిపోయిందని ఏడ్చేటందుకు అంత జీతమెందుకు? పదిమంది ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌కి పోతరని ముందే తెలుసు, అయినా కిందోళ్లను తయారు చేసుకోలే, మళ్ళ అంగడికే పోయిండు. నేను అడిగేది అదొక్కటే. జోర్డన్ ట్రావిస్ లెక్క మనోడు అనుకునే ఒక్క పోరడిని చూపెట్టు.

అంకెల_ఆచారి: ట్రావిస్ కూడా లూయీవిల్ నుంచి ట్రాన్స్‌ఫర్ అయి వచ్చినవాడే.

గార్నెట్_గోదారోడు: 😂 ఆచారిగారూ, మీ పాదాలకు నమస్కారం.

నల్గొండ_నోల్: 2019ల వచ్చిండు. 2023 దాకా ఉన్నడు. అయిదేండ్లు. వచ్చుడు కాదు ముచ్చట, ఉండుడు.

అంకెల_ఆచారి: అంటే ట్రాన్స్‌ఫరే.

నల్గొండ_నోల్: అయిదేండ్లు ఆచారిగారూ. కాలు విరిగేదాకా.

టల్లహాసీ_కొత్త: వచ్చే ఏడు (2025) ఆగస్టు 30న అలబామా ఇక్కడికే వస్తోందట కదా. స్టూడెంట్ టికెట్ మీద గెస్ట్‌ని తీసుకెళ్ళనిస్తారా? మా బావ అట్లాంటాలో ఉంటాడు, అలబామా వైపు.

నల్గొండ_నోల్: బావను రానియ్యి. అలబామా చొక్కా మాత్రం కార్లనే విప్పి రమ్మను.