మ్యూజియం ఈవెంట్: కొట్టం లోపలికి ఏమీ తేకూడదట, అందరూ వెంటనే చూడండి

సెక్రటరీ:
పనుల లిస్ట్ సంగతి తర్వాత, ముందు ఇది చదవండి. మనం అక్కడ పెట్టే చేతిపనుల ప్రదర్శన గురించి సాయంత్రం మ్యూజియం నుంచి మెయిల్ వచ్చింది. పాత ధాన్యం కొట్టంలో మంట వద్దన్నారు, గడ్డి కప్పు కాబట్టి అది మనం అనుకున్నదే. కానీ చెక్క, బట్ట, ఆకులు, గింజలు, పిండి కూడా లోపలికి వద్దట, పురుగు పడుతుందని. తేవాలంటే మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచాకే తేవాలి. మనకున్నవి తొమ్మిది రోజులు.

ముగ్గుల టీమ్:
అంటే బియ్యప్పిండి ముగ్గు కూడా కాదా? చీమలు, పిట్టలు తినాలనే కదా పిండితో వేస్తాం. వాళ్ళ భయం కూడా అదే అన్నమాట.

కలంకారీ టీమ్:
ఇప్పుడా చెప్పడం? పన్నెండు మీటర్ల బట్ట కరక్కాయ నీళ్ళలో, పాలలో తడిపి ఆరేసి పెట్టాను. గేదె పాలు ఇక్కడ దొరక్క చిక్కటి ఆవు పాలతో మూడుసార్లు చేసి చూస్తే గానీ రంగు పాకడం ఆగలేదు. మంజిష్ఠ ఉడికించి ఎరుపు ఎలా వస్తుందో చూపిద్దామనుకున్నాం. ఈ రూల్ ముందు నుంచీ ఫారంలో ఉందా లేదా అక్కా, అది చెప్పు.

సెక్రటరీ:
ఉంది, రెండో పేజీలో. మంట గురించి చదివి సంతకం పెట్టేశాను. తప్పు నాదే.

ట్రెజరర్:
తప్పెవరిదో తేల్చుకునే టైమ్ లేదు. రద్దు చేస్తే డిపాజిట్ వెనక్కి రాదు, అయినా సరే ఎప్పుడూ చేసే హాలే నయం. పొద్దున్నే ఫోన్ చేస్తాను.

బొమ్మల స్టాల్:
హాలు వద్దన్నా. అక్కడ మన పని మనమే చూసుకుని ఇంటికొస్తాం. ఈ ఊరి రైతుల నాగళ్ళు, వాళ్ళు అల్లిన బుట్టలు ఉన్నచోట మన కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మలు ఉండాలనే కదా ఇంత తిరిగాం. ఫ్రీజర్ మాత్రం నావల్ల కాదు. కొండపల్లివి మా అమ్మ బొమ్మలు, చలికి చెక్క ముడుచుకుంటే రంగు పెచ్చులుగా లేస్తుంది.

కలంకారీ టీమ్:
బొమ్మలైతే సంచిలో వేసుకుని తెచ్చేస్తే సరిపోతుంది, మా పని అలా కాదు కదా.

బొమ్మల స్టాల్:
ఆ మాట అనాల్సింది కాదు తమ్ముడూ. నలభై ఏళ్ళుగా దాచుకున్నవి అవి.

రవాణా:
ఇద్దరూ కాస్త ఆగండి. వాళ్ళ భయం నిజమే. కొండపల్లి బొమ్మ తెల్ల పొణికి చెక్క, మెత్తనిది, అతుకులేమో రంపపు పొట్టు, చింతగింజల పిండి కలిపిన మక్కుతో. చెక్క తొలిచే పురుగు ఒక్కటి లోపలికి చేరినా అక్కడి పాత సామాను మళ్ళీ చేయించలేరు. రేపు అటే వెళ్తున్నాను, నేరుగా మాట్లాడతాను. హాలుకి అప్పుడే ఫోన్ చేయకండి.

రవాణా (మర్నాడు మధ్యాహ్నం):
మాట్లాడాను. కొట్టం మాత్రం కుదరదు. కమ్మరి కొలిమి ముందు ఇటుక పరిచిన వాకిలి ఉంది, అది మొత్తం మనకిస్తారు. బొమ్మలు మూత గట్టిగా పట్టే గాజు పెట్టెల్లో ఉంటే ఫ్రీజర్ అక్కర్లేదు, అవీ వాకిట్లోనే. కలంకారీ గురించి చెబుతుంటే మ్యూజియం ఆవిడ మధ్యలో ఆపి, మా పాత సిరా కూడా ఇంతే కదా అన్నారు. ఓక్ చెట్టు మాచికాయలు, అన్నభేది అనే ఇనుప లవణం కలిపి చేసేవారట. కరక్కాయ వగరు, కసిమిలో (ఇనుము నానబెట్టిన నీళ్ళలో) ఇనుము కలిస్తే మనకు నలుపు వచ్చినట్టే. వాళ్ళ వాలంటీర్ ఒకరు ఆ సిరా చేస్తారట, మన పక్కనే కూర్చుంటానన్నారు.

కలంకారీ టీమ్:
ఇది వినగానే ప్రాణం లేచొచ్చింది. అయితే ఎరుపు వదిలేద్దాం, దానికి ఉడికించాలి. నలుపుకి మంట అక్కర్లేదు. ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్ళు వేసి నెల క్రితమే పెట్టిన కసిమి కుండ గ్యారేజ్‌లో ఉంది. పిల్లల చేతికి కలం ఇస్తే చాలు, గీసేటప్పుడు లేత గోధుమ రంగులో ఉన్న గీత వాళ్ళ కళ్ళ ముందే నల్లబడుతుంది. అక్కా, నిన్న కోపంలో అనేశాను, మనసులో పెట్టుకోకు.

బొమ్మల స్టాల్:
నిన్ననే మర్చిపోయాను తమ్ముడూ. మూతలున్న గాజు పెట్టెలు నాలుగు కావాలి, ఇంట్లో చేపల తొట్టి ఖాళీగా ఉన్నా పంపండి.

ముగ్గుల టీమ్:
మేం సుద్దతో వేస్తాం, వాన పడితే మళ్ళీ వేస్తాం. వాకిలి కొలతలు పంపండి, ఎన్ని చుక్కలు పడతాయో చూడాలి.

ట్రెజరర్:
వాన అంటే గుర్తొచ్చింది, అసోసియేషన్ టెంట్లు రెండూ మా షెడ్‌లోనే ఉన్నాయి. ఒకదానికి కాలు విరిగింది, ఈ ఆదివారం బాగుచేస్తాను. హాలుకి ఫోన్ చేయలేదు.

సెక్రటరీ:
మ్యూజియానికి సరేనని రాసేశాను, ఈసారి అన్ని పేజీలూ చదివాకే. స్టేజ్, బ్యానర్ పనులు చేస్తున్నవాళ్ళు అవి ఆపేసి కలంకారీకి రండి, కలాలకి వెదురు పుల్లలు చెక్కి ఉన్ని చుట్టాలి.

కలంకారీ టీమ్:
రేపు సాయంత్రం మా గ్యారేజ్‌లో కసిమి వడకడతాం. ఘాటు వాసన వస్తుంది, బట్టల మీద పడితే పోదు. పాత బట్టలు వేసుకుని రండి.