అప్‌డేట్: మియాటా కారులో 1.8 లీటర్ల ఇంజిన్ ఎక్కించేశాను
నా 1990 మాజ్దా మియాటాలో క్రాంక్‌షాఫ్టు ముందు కొసన కీ-వే (పుల్లీ జారకుండా పట్టి ఉంచే గాడి) అరిగిపోయింది, బాగు చేయించాలా ఇంజిన్ మార్చాలా అని అడిగాను కదా, మార్చేశాను. ఇక్కడ డాలస్‌లో పాత కార్ల యార్డులో 1995 మియాటా 1.8 ఇంజిన్ దొరికింది. గేర్‌బాక్స్ పాతదే. ఫ్లైవీల్, క్లచ్ మాత్రం 1.8వే వేశాను, పాత క్లచ్ వ్యాసం 200 మిల్లీమీటర్లు, ఇది 215. ఇంజిన్ బయట ఉండగానే టైమింగ్ బెల్టు, వెనక ఆయిల్ సీల్ మార్చమన్నవాళ్లకు వేల దండాలు.

గేర్‌బాక్స్ కలపడానికే రెండు శనివారాలు పట్టింది. ఇంజిన్‌కీ దానికీ మధ్య వేలెడు సందు మిగిలిపోయి, ఎంత నెట్టినా కదలదు. బోల్టులు బిగించి లాగేద్దామనిపించింది కానీ ఆగాను, మంచిదైంది. విప్పి చూస్తే, గేర్‌బాక్స్ షాఫ్టు దూరాల్సిన క్లచ్ ప్లేటు కాస్త పక్కకు జరిగి ఉంది. అలైన్‌మెంట్ టూల్‌తో మధ్యకు తెచ్చి బిగించాక టక్కున కూర్చుంది.

నిన్న సాయంత్రం స్టార్టయింది. రెండో గేరులో ఆ లాగుడుకి కళ్లు చెమర్చాయి. రేడియేటర్ గొట్టం దగ్గర చుక్క కారుతోంది, ఆదివారం క్లాంపు మారుస్తాను.