అప్‌డేట్: లాంగ్, షార్ట్ ట్రేడ్స్‌కి ఒకే టేబుల్ సరిపోయింది

నా ట్రేడ్స్ రాసుకునే డేటాబేస్‌లో లాంగ్‌కీ (ముందు కొని తర్వాత అమ్మేది) షార్ట్‌కీ (చేతిలో లేనిది ముందు అమ్మి తర్వాత కొనేది) వేరే టేబుల్స్ పెట్టాలా, ఒకదాంట్లోనే సర్దాలా అని అడిగాను కదా, చివరికి ఒకటే పెట్టాను. క్వాంటిటీకి సైన్ ఇచ్చేశా, కొంటే ప్లస్, అమ్మితే మైనస్. దీంతో లాభనష్టాల లెక్కకి ఇఫ్-ఎల్స్ గోల పోయింది, ఎగ్జిట్ ధరలోంచి ఎంట్రీ ధర తీసేసి క్వాంటిటీతో గుణిస్తే చాలు, 20 దగ్గర 100 షార్ట్ చేసి 23కి కవర్ చేస్తే (తిరిగి కొంటే) -100 × 3, అంటే -300 దానంతటదే వస్తుంది.

అసలు తలనొప్పి వేరే ఉంది. చేతిలో 100 లాంగ్ ఉండగా 150 అమ్మితే, ఆ ఒక్క ఫిల్లే (ఎక్స్‌ఛేంజ్‌లో పూర్తయిన కొనుగోలు లేదా అమ్మకం) 100 క్లోజ్ చేసి 50 షార్ట్ ఓపెన్ చేస్తుంది. అందుకే ఫిల్స్ టేబుల్‌ని ఎక్స్‌ఛేంజ్ నుంచి వచ్చింది వచ్చినట్టే ఉంచి, ఏ ఫిల్‌లో ఎంత భాగం ఏ లాట్‌ని (ముందు ఓ ఫిల్‌తో ఓపెన్ అయిన భాగాన్ని) మూసిందో చెప్పే మ్యాచింగ్ టేబుల్ ఇంకోటి పెట్టా. పొజిషన్ (ఇప్పుడు చేతిలో నికరంగా ఉన్నది) అయితే ఫిల్స్ కూడితే వచ్చేస్తుంది, స్టోర్ చెయ్యట్లేదు.

సైడ్ కాలమ్ (ఏ రకం కొనుగోలో, అమ్మకమో చెప్పేది) మాత్రం తీసెయ్యలేదండోయ్. ఫిక్స్ ప్రోటోకాల్‌లో (ట్రేడింగ్ మెసేజ్‌లకి వాడే స్టాండర్డ్) సైడ్ చెప్పే ట్యాగ్ 54కి అమ్మకం 2, షార్ట్ సెల్ 5, రెండూ మైనస్సే కాబట్టి సైన్ చూసి ఆ తేడా పట్టుకోలేం. ధరలకి డెసిమల్ టైపే (కచ్చితమైన దశాంశాలు) వాడా, ఫ్లోట్ (ఉజ్జాయింపు దశాంశాలు) జోలికి పోలేదు.