చూపించినవారికీ చూసి రాసినవారికీ ఒకే శిక్షా?

ఎర్రసిరా:
మా కళాశాల పరీక్షల క్రమశిక్షణ సంఘంలో సభ్యురాలిని. గణితం పేపరుకు సంబంధించిన రెండు జవాబుపత్రాలు నా ముందున్నాయి. నాలుగో ప్రశ్న, మూడో వరుసలో రుణ గుర్తు ఎగిరిపోయింది, రెండింటిలోనూ. ముందు కూర్చున్న అమ్మాయి ఆ తర్వాత గమనించి, కొట్టేసి సరిదిద్దుకుంది. వెనుక అమ్మాయి పత్రంలో మాత్రం ఆ తప్పు చివరి వరుస దాకా అలాగే నడిచింది. ఏది అసలో, ఏది నకలో ఇక వేరే చెప్పాలా! అదనపు పత్రం వెనక్కి అందించానని ముందు అమ్మాయి ఒప్పుకుంది కూడా. ఇద్దరి పేపర్లూ రద్దు చేసి చేతులు దులుపుకుందామని మిగతా సభ్యులు అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. మీరేమంటారు?

పాత ఇన్విజిలేటర్:
ఇందులో మనసొప్పకపోవడానికి ఏముందండీ? చీటీలు తెచ్చుకునేవాడిది ఒంటరి తప్పు. కాగితం చేతులు మారిందంటే అది ఇద్దరూ కలిసి చేసిన పని. ఆ హాలులో తలెత్తకుండా రాసుకున్న పిల్లల తరఫున ఎవరు మాట్లాడతారు? ర్యాంకుల్లో కిందికి జారేది వాళ్లే కదా.

కిటికీపక్క:
అమెరికాలోని వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీ నియమం ఇంకా కఠినం. మోసం చేయకూడదు, చేసేవారిని సహించనూ కూడదు. 1976లో అక్కడ బయటికి తీసుకెళ్లి రాసుకురమ్మన్న ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ పరీక్షలో చాలామంది కలిసి రాసినట్టు బయటపడింది. అప్పటిదాకా తప్పు రుజువైతే బహిష్కరణ ఒక్కటే శిక్ష. ఆ గొడవ తర్వాత సందర్భాన్ని బట్టి శిక్ష తగ్గించే వీలు కల్పించారు. అంతటివారే పట్టు సడలించారు మరి.

పాత ఇన్విజిలేటర్:
సడలించారు గానీ సహాయం చేస్తే తప్పు కాదనలేదుగా.

ఎర్రసిరా:
నేనూ అనడం లేదండీ. ఎందుకిచ్చావమ్మా అని అడిగాను. ఇద్దరిదీ హాస్టల్లో ఒకే గది. "ఇవ్వకపోతే రేపటి నుంచి నాతో ఎవరూ మాట్లాడరు మేడమ్" అంది. డబ్బు తీసుకునో, ముందే ఒప్పందం చేసుకునో ఇచ్చి ఉంటే ఇద్దరి పేపర్లూ రద్దు చేయమని నేనే పట్టుబట్టేదాన్ని.

నా అసలు అభ్యంతరం మార్కుల దగ్గర. నకలు పత్రానికి వచ్చే మార్కులు అబద్ధం కాబట్టి కొట్టేయాలి, సరే. ముందు అమ్మాయి మార్కులు ఆమె చదువుకుని తెచ్చుకున్నవి. వాటిని సున్నా చేస్తే, ఈ అమ్మాయికి గణితం రాదని మనమే అబద్ధపు పత్రం రాసిచ్చినట్టు. నడవడికకు శిక్ష నడవడిక ఖాతాలోనే వేయాలి.

పాత ఇన్విజిలేటర్:
ఈ మార్కుల మాట నాకు తట్టలేదు. దాన్ని యథాతథంగా నివేదికలో రాయండి. కానీ ఉత్త మందలింపుతో సరిపెడితే ఒప్పుకోను. కనీసం ఒక సెమిస్టర్ స్కాలర్‌షిప్ ఆపాలి.

ఎర్రసిరా:
వెనుక అమ్మాయికి స్కాలర్‌షిప్ లేదు, ఈమెకే ఉంది. అది ఆపితే చూపించిన పిల్లకే పెద్ద దెబ్బ తగులుతుంది. అది మాత్రం సమానమా?