లెక్క సరిగ్గానే ఉంది, సెలైన్ మాత్రం గంట ముందే అయిపోయింది

రెండో ఏడాది నర్సింగ్ విద్యార్థిని:
క్లినికల్ పోస్టింగ్‌లో 500 మిల్లీలీటర్ల సెలైన్‌ను 4 గంటల్లో ఎక్కించమన్నారు. పుస్తకంలోని సూత్రం ప్రకారం నిమిషానికి 42 చుక్కలని లెక్కగట్టి, చుక్కలు పడే డ్రిప్ చాంబర్ మీదే చూపు నిలిపి, నిండు నిమిషం చుక్కలు లెక్కపెట్టుకుంటూ వేగం మార్చే రోలర్ సరిచేశాను. అయినా సీసా 3 గంటలకే ఖాళీ అయింది. రోగికి ఇబ్బందేమీ కలగలేదు గానీ, అందరి ముందూ చివాట్లు తిన్నాను. సాయంత్రం నుంచి మళ్లీ మళ్లీ చేస్తున్నాను, ప్రతిసారీ 42 వస్తోంది. నా తప్పు ఎక్కడుందో దయచేసి చెప్పండి.

వార్డు సిస్టర్:
సెలైన్ ఎక్కించే గొట్టం సెట్టు ప్యాకెట్ మీద మిల్లీలీటరుకు ఎన్ని చుక్కలని ఉంది?

విద్యార్థిని:
మామూలు సెట్టేనండి.

బోధకురాలు:
చుక్కల సంగతి తరువాత. అంతసేపూ ఈ అమ్మాయి పక్కన ఎవరున్నారు? సీసాకు టేపు అంటించి, గంటగంటకూ ఎక్కడిదాకా దిగాలో గీతలు పెట్టడం దగ్గరుండి నేర్పి ఉంటే, మొదటి గంటలో 125 మిల్లీలీటర్లకు మించి దిగిందని అప్పుడే తెలిసేది. విద్యార్థులను సిబ్బంది కొరత తీర్చడానికి వాడుకుని, పొరపాటు జరిగాక తిట్టడాన్ని శిక్షణ అనడానికి నాకు మనసొప్పదు.

సీనియర్ విద్యార్థి:
‘మామూలు సెట్టు’ అనే మాటే సరికాదు. పెద్ద చుక్కలు పడే మాక్రో సెట్లలోనే మిల్లీలీటరుకు 10, 15, 20 చుక్కలవి ఉంటాయి. చిన్న చుక్కల మైక్రో సెట్టుకైతే 60.

బోధకురాలు:
వార్డులో అందరూ ఆ మాటే వాడుతుంటే విద్యార్థిని వేరే మాట ఎక్కడ నేర్చుకుంటుంది?

సీనియర్ విద్యార్థి:
అందరూ అన్నంత మాత్రాన సరైన మాట అయిపోదు కదా మేడమ్. ఇక్కడ చిక్కంతా ఆ మాటతోనే వచ్చింది.

వార్డు సిస్టర్:
42 వచ్చిందంటే మీరు మిల్లీలీటరుకు 20 చుక్కలని వేసుకున్నారు. 15 చుక్కల సెట్టులో చుక్క పెద్దది, కాబట్టి నిమిషానికి 31 చాలు. దానికి 42 పెడితే 3 గంటలకే అయిపోతుంది. చేయి కదిలినా వేగం మారుతుంది గనుక, ఒకసారి పెట్టి వదిలేయకుండా మధ్యమధ్యలో మళ్లీ లెక్కపెట్టండి.

విద్యార్థిని:
ఆ ప్యాకెట్ పారేశారు. ఈ ఉదయం అదే పెట్టెలోంచి ఇంకొకటి తీసి చూశాను, 15 అని ఉంది. ధన్యవాదాలు సిస్టర్.

బోధకురాలు:
పక్కన ఎవరున్నారో ఇంకా చెప్పలేదమ్మా.