జులైలో హావ్‌లాక్‌లో స్కూబా కుదురుతుందా?

మాది మిర్యాలగూడ. సాగర్ ఎడమ కాలువలో ఈత నేర్చుకున్నాను గానీ సముద్రంలో ఎప్పుడూ దిగలేదు. జులైలో ఒక్కదాన్నే అండమాన్ వెళ్లి హావ్‌లాక్ దీవిలో ఓపెన్ వాటర్ కోర్సు (స్కూబా డైవింగ్‌లో మొదటి మెట్టు) చేద్దామని ఉంది. అందులో 18 మీటర్ల లోతు దాకా దింపుతారు కదా, వానలకు నీళ్లు మసకబారితే అంత డబ్బు పెట్టి చూసేదేముంటుంది? మా అమ్మ బెంగ మాత్రం అక్కడ అన్నం, పప్పు దొరుకుతాయా అనే.

నా అసలు టెన్షన్ హావ్‌లాక్ నుంచి విమానం ఎక్కే పోర్ట్‌బ్లెయిర్‌కు తిరిగొచ్చే ఫెర్రీ. గాలివానకు ఆపేస్తారట. చివరి డైవ్ తర్వాత కనీసం 18 గంటలు విమానం ఎక్కొద్దంటారు కాబట్టి పోర్ట్‌బ్లెయిర్‌లో ఒక రోజు అదనంగా పెట్టుకున్నా. సరిపోతుందా, రెండు ఉంచాలా? వానాకాలంలో వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి. ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లకు బస జెట్టీ దగ్గర మేలా, బీచ్ వైపా?