హైడ్రాంజియా క్లబ్‌లో నెలనెలా ఏం చేస్తారు? మీ అనుభవాలు చెప్పండి

నీలిగుత్తి:

అందరికీ నమస్కారం. మా క్లబ్ మొదలై ఏడాదిన్నర అయింది. గుత్తులుగా పూసే హైడ్రాంజియా మొక్కలంటే ప్రాణం పెట్టే పద్నాలుగు మందిమి కలిసి పెట్టుకున్నాం. మొదటి మూడు నాలుగు మీటింగ్‌లకు అందరూ వచ్చారు. ఇప్పుడు ఆరుగురు వస్తే గొప్ప. ప్రతి నెలా ఒకరు మాట్లాడతారు, మిగతావాళ్లం వింటాం, ఫోన్లలో ఫొటోలు చూపించుకుంటాం, ఇళ్లకు వెళ్లిపోతాం. పూత ఉన్నన్నాళ్లూ బాగానే గడుస్తుంది. ఆకు రాలి మొక్క మోడుగా నిలబడ్డ నెలల్లోనే ఏం చేయాలో తోచడం లేదు. క్లబ్ ఆగిపోతుందేమోనని నాకు నిజంగా టెన్షన్‌గా ఉంది. మీ క్లబ్బుల్లో ఏం చేస్తారు? కలిసొచ్చినవీ, బెడిసికొట్టినవీ రెండూ రాయండి.

పాతకొమ్మ:

ప్రసంగాలు తగ్గించి జనం చేతికి కత్తెర ఇవ్వండి. కానీ ఇచ్చేముందు మా దగ్గర జరిగింది ఒకసారి వినండి.

రెండో ఏడాది ప్రూనింగ్ డెమో, అంటే కొమ్మలు ఎలా కత్తిరించాలో చూపించడం, పెట్టుకున్నాం. ఒక సభ్యురాలు తన తోటలో చేసుకోమన్నారు. తొమ్మిదేళ్ల మొక్క, మాక్రోఫిల్లా అనే పెద్దాకుల రకం. చలి తగ్గి చిగుళ్లు కదులుతున్న రోజులు. గులాబీ మొక్కను కత్తిరించినట్టే మోకాలెత్తుకు సమంగా కొట్టేశాం. ఆ కత్తెర పట్టుకున్నది నేనే. ఆ ఏడాది మొక్క ఆకులతో గుబురుగా పెరిగింది కానీ ఒక్క గుత్తి కూడా పూయలేదు. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ బాధనిపించింది.

తర్వాత కూర్చుని నేర్చుకున్నాం. మాక్రోఫిల్లా, సెర్రాటా, ఓక్ ఆకులాంటి ఆకులుండే క్వెర్సిఫోలియా, ఈ మూడు రకాలూ పాత కొమ్మ మీద పూస్తాయి. రాబోయే ఏడాది పువ్వు ఈ ఏడాది ఎండలు తగ్గి రాత్రులు చల్లబడే రోజుల్లోనే కొమ్మ చివర తయారై కూర్చుంటుంది. అందుకే వాటిని పూత అయిపోగానే కత్తిరించాలి, ఆలస్యం చేయకూడదు. పానిక్యులాటా, ఆర్బొరెసెన్స్ రకాలు కొత్త చిగురు మీద పూస్తాయి కాబట్టి చలికాలం చివర్లో కత్తిరించినా నష్టం లేదు.

ఈ మాట పదిసార్లు చెప్పినా మావాళ్లకు ఎక్కలేదు. ఎక్కించింది ఒక్క మొగ్గ. చలికాలం మీటింగ్‌లో మాక్రోఫిల్లా కొమ్మ చివర లావుగా ఉబ్బిన మొగ్గను ఒక్కటి కోసి, బ్లేడుతో నిలువునా చీల్చి, భూతద్దం కింద పెట్టాం. పైన గోధుమరంగు పొలుసులు, వాటి లోపల మడతలు పడ్డ లేత ఆకులు, వాటి నడుమ ఇసుక రేణువుల్లా గుంపుగా ఉన్న పసి పూగుత్తి. ఆకుపచ్చగా, గుండుసూది తలంత. ఒక్కొక్కరూ వంగి చూసి, లేచి, మళ్లీ వంగి చూశారు. ఆ తర్వాత మా క్లబ్‌లో ఎవరూ చలికాలంలో మాక్రోఫిల్లా జోలికి కత్తెర పట్టుకుని వెళ్లలేదు. మోడుగా ఉన్న నెలల్లో ఏం చేయాలని అడిగారు కదా, ఇది చేయండి.

కణుపు:

మాది చిన్న క్లబ్, తొమ్మిది మందిమి. మేము ఏటా కటింగ్స్ రోజు పెట్టుకుంటాం, అంటే కొమ్మ ముక్కలు కోసి కొత్త మొక్కల కోసం నాటే రోజు. పూత అయ్యాక కాదు, అంతకు ముందే, లేత కొమ్మలు కాస్త గట్టిపడే సమయంలో. మామూలుగా పెద్దగా మాట్లాడని సభ్యులు కూడా ఆ రోజు వస్తారు. చేతిలో పని ఉంటే మాట దానంతటదే వస్తుంది. కాకపోతే రెండేళ్లుగా మా కటింగ్స్‌లో సగం కుళ్లిపోతున్నాయి. ఎవరైనా కారణం చెప్పగలరా?

మట్టివేళ్లు:

@కణుపు గారు, మూత ఎప్పుడైనా తెరుస్తున్నారా? మాకూ అలాగే పోయేవి. ప్లాస్టిక్ కవర్ కట్టేసి మూడు వారాలు ముట్టుకునేవాళ్లం కాదు. ఇప్పుడు రోజూ కాసేపు గాలి ఆడనిస్తున్నాం. మట్టి మిశ్రమాన్ని పిడికిట్లో పిండితే చుక్క కారకూడదు, చెయ్యి మాత్రం తడవాలి. పువ్వు లేని కొమ్మను ఉదయాన్నే తీసుకోండి. నాలుగైదు అంగుళాలు చాలు. కణుపుకి సరిగ్గా కింద కోసి, కింది ఆకులు తీసేసి, పైన మిగిలిన పెద్దాకులను సగానికి కత్తిరించండి. వేళ్లు రావడానికి వాడే రూటింగ్ పౌడర్ ఉంటే అద్దండి, లేకపోయినా హైడ్రాంజియా బాగానే వేరు పోస్తుంది. ఒక్కో మొక్కకు మారేటప్పుడు బ్లేడును స్పిరిట్‌తో తుడవడం మాత్రం మానకండి. మూడు నాలుగు వారాలకు మెల్లగా పైకి లాగి చూడండి. కింద నుంచి పట్టి ఉన్నట్టు తెలిస్తే వేరు వచ్చినట్టే.

ఇక @నీలిగుత్తి గారికి. మా క్లబ్‌ను నిలబెట్టింది ఒకే ఒక్క పని, దాని గురించి కొంచెం వివరంగా రాస్తాను.

మా సభ్యుల్లో పెద్దవయసావిడ ఒకరు ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. ఆమె పెరట్లో ఒక పాత నీలం మాప్‌హెడ్ ఉండేది. మాప్‌హెడ్ అంటే బంతిలా గుండ్రంగా పూసేది. మొక్కను పెకలించి తీసుకెళ్లడానికి వీలు లేకపోయింది. మేమందరం ఒక ఆదివారం వెళ్లి నలభై దాకా కటింగ్స్ తీసుకున్నాం. వేరు పోసిన వాటికి నంబర్లు వేసి సభ్యులందరికీ తలా ఒకటి ఇచ్చాం. పేరు కోసం వెతకలేదు, అందరం 'అమ్మమ్మ మొక్క' అని పిలుచుకున్నాం.

రెండేళ్లకు పూతకొచ్చాయి. పదకొండు తోటల్లో ఒకే తల్లి పిల్లలు. నాలుగు నీలం, మూడు గులాబీ, రెండు ఊదా. మిగతా రెండింటిలో ఒకే మొక్క మీద ఒక పక్క నీలం, ఇంకో పక్క గులాబీ. ఆ నెల మీటింగ్‌కి ప్రతి ఒక్కరూ ఒక గుత్తి, ఒక డబ్బాలో తమ తోట మట్టి తెచ్చారు. టేబుల్ మీద వరసగా పెట్టి, ఒక్కో మట్టికి పీహెచ్ (మట్టి ఆమ్లమా క్షారమా చెప్పే కొలత) చూసి, గుత్తి ముందు చీటీ పెట్టాం. చీటీలను తక్కువ నుంచి ఎక్కువకు సర్దుతూ పోతే గుత్తులు వాటంతటవే నీలం నుంచి ఊదాకు, ఊదా నుంచి గులాబీకి వరస కట్టాయి, ఒక్కటి తప్ప. ఎవరూ ఉపన్యాసం ఇవ్వాల్సిన అవసరం రాలేదు.

సంగతేమిటంటే, పువ్వులో రంగు పదార్థం ఒకటే. నేల ఆమ్లంగా ఉండి పీహెచ్ 5.5 లోపు ఉంటే మట్టిలోని అల్యూమినియం కరిగి వేళ్లకు అందుతుంది, పువ్వులోని రంగుతో కలిసి నీలంగా కనిపిస్తుంది. పీహెచ్ 6.5 దగ్గరికి వచ్చేసరికి అల్యూమినియం మట్టిలోనే ఉన్నా మొక్కకు అందదు, గులాబీ రంగు వస్తుంది. మధ్యలో ఉంటే ఊదా, లేదంటే రెండూ కలిసి. ఫాస్ఫరస్ ఎక్కువున్న ఎరువు వేసినా అది అల్యూమినియాన్ని పట్టేసుకుంటుంది. మా సభ్యుల్లో ఒకరి మట్టి ఆమ్లంగానే ఉన్నా పువ్వు గులాబీగా రావడానికి కారణం అదేనని ఎరువు సంచీ చదివాక తేలింది.

ఆ పెద్దావిడ కూడా ఆ రోజు వచ్చారు. పదకొండు గుత్తుల ముందూ ఆగి, ఇది ఎవరింటిది, ఇది ఎవరింటిది అని అడుగుతూ నడిచారు. ఆరేళ్లయింది. మాకు ఇప్పుడు మీటింగ్‌కి రమ్మని ఎవరినీ బతిమాలాల్సిన పని లేదు.

తెల్లగుత్తి:

చదువుతుంటే కళ్లు చెమర్చాయండి. ఒక్క జాగ్రత్త చెప్తాను. తల్లి మొక్క తెల్లది అయితే ఈ ప్రయోగం కుదరదు. తెల్ల రకాల్లో ఆ రంగు పదార్థం ఉండదు కాబట్టి మట్టి ఏదైనా నీలం కావు. ముదిరాక కొన్ని ఆకుపచ్చగానో లేత గులాబీగానో తిరుగుతాయి, అది వేరే సంగతి.

మా దగ్గర ఎక్కువమంది తెల్లవే పెంచుతారు. అందుకని మేము పూత లేని నెలల్లో 'రకం కథ' అని పెట్టుకున్నాం. ఒక సభ్యుడు తన దగ్గరున్న ఒక్క రకం గురించి పది నిమిషాలు చెప్పాలి, అంతే. నాకు ఆనబెల్ అనే రకం వచ్చింది. 1910లో అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఆనా అనే ఊరి దగ్గర అడవిలో హారియెట్ కిర్క్‌పాట్రిక్ అనే ఆవిడ కంట పడింది. తెచ్చి పెరట్లో పెట్టుకున్నారు, చుట్టుపక్కల వాళ్లకు పంచారు. నర్సరీల ద్వారా అందరికీ అందడానికి మరో యాభై ఏళ్లు పట్టింది. అన్నాళ్లూ ఆ మొక్క బతికింది పెరటి నుంచి పెరటికి చేతులు మారడం వల్లే. ఆ రోజు ఇది చెప్పేసరికి మా సభ్యుల్లో ముగ్గురు అక్కడికక్కడే కొమ్మలు పంచుకున్నారు.

మరోసారి ఒకరు పెన్నీ మాక్ గురించి చెప్పారు. 1994లో అట్లాంటాలో అమెరికన్ హైడ్రాంజియా సొసైటీని స్థాపించిన పెన్నీ మెక్‌హెన్రీ పేరు మీదే ఆ రకం ఉంది. క్లబ్ పెట్టినవాళ్ల పేరు ఒక మొక్కకు ఉండటం నాకెంతో నచ్చింది.

సాయంత్రపునీడ:

మేము పువ్వులు ఎండబెట్టే రోజు పెట్టుకుంటాం. చాలామంది గుత్తి నిగనిగలాడుతున్నప్పుడే కోసేస్తారు, అది ముడుచుకుపోతుంది. మొక్క మీదే ముదరనివ్వాలి. వేళ్లతో తాకితే కాగితంలా గరగరలాడాలి, రంగు కొంచెం పాతబడాలి. అప్పుడు కోసి, పాత్రలో రెండంగుళాల నీళ్లు పోసి గుత్తిని నిలబెట్టి వదిలేస్తే నీళ్లు ఇంకుతున్న కొద్దీ అదీ ఆరిపోతుంది.

మనం పూరేకులనుకునేవి అసలు పూరేకులు కావని కూడా ఆ రోజే చూపిస్తాం. అవి రక్షక పత్రాలు, అందుకే అంతకాలం నిలుస్తాయి. నిజమైన పువ్వు వాటి మధ్యలో పూసంత ఉంటుంది. బాగా కనబడాలంటే లేస్‌క్యాప్ గుత్తి తెచ్చుకోండి. నడుమ చిన్న పువ్వులన్నీ గుంపుగా, చుట్టూ పెద్దవి అంచులా ఉంటాయి.

కోసిన తాజా గుత్తి వాడిపోతే పారేయకండి. కాడ చివర మళ్లీ కోసి, గుత్తిని తలకిందులుగా చల్లటి నీళ్లలో అరగంటో గంటో ముంచి పెట్టండి. ఆ రేకుల ద్వారా కూడా నీళ్లు పీలుస్తుంది. మొదటిసారి వచ్చినవాళ్లకు ఇది చూపిస్తే చిన్నపిల్లల్లా సంబరపడతారు.

పాతకొమ్మ:

పోటీల గురించి ఎవరూ రాయలేదు. నా అభిప్రాయం, పెట్టకండి. పెద్ద గుత్తికి బహుమతి అని ఒక ఏడాది పెట్టాం. కొత్తగా చేరినవాళ్లు తమ మొక్కలు చూపించడానికే సిగ్గుపడి మానేశారు. ఇప్పుడు ప్రదర్శన ఉంది, బహుమతి లేదు. చనిపోతున్న మొక్కను కూడా తెచ్చి పెట్టొచ్చు. నిజానికి జనం ఎక్కువసేపు నిలబడేది దాని ముందే.

కణుపు:

మట్టివేళ్లు గారు, మూత సంగతి మీరు చెప్పిందే నిజం. మేము అసలు తెరవడం లేదు. ఈసారి చూస్తాను.

నా వంతుగా ఒకటి. రంగు మార్చాలనే తొందరలో మా సభ్యుడొకరు అల్యూమినియం సల్ఫేట్ పొడిని గుప్పెడు నేరుగా మొక్క మొదలు దగ్గర వేశారు. వేళ్లు మాడి మొక్క పోయింది. నాలుగు లీటర్ల నీళ్లకు ఒక టేబుల్ స్పూన్ మించకుండా కలిపి, ముందు మామూలు నీళ్లతో మట్టి తడిపాకే పోయాలి. కొత్తగా నాటిన మొక్కలకు వద్దు. రంగు మారడానికి నెలలు పడుతుంది, పక్క ఏడాది దాకా ఓపిక పట్టాలి. అలాగే ఈ మొక్క ఆకు, మొగ్గ కుక్కలకూ పిల్లులకూ మంచివి కావు. కటింగ్స్ రోజు రాలిన ముక్కలన్నీ ఏరేయండి.

సాయంత్రపునీడ:

ఇంకోటి మర్చిపోయాను. మా దగ్గర ఇద్దరు సభ్యులు 'మొక్కను చూడటానికి' ఇళ్లకు వెళ్తారు. పిలుపుల్లో ఎక్కువ భాగం ఒకటే, మధ్యాహ్నం ఆకులు వేలాడిపోయాయని. వాళ్లు వెళ్లి వేలు రెండు అంగుళాలు మట్టిలో గుచ్చి చూస్తారు. తడి ఉంటే నీళ్లు పోయొద్దంటారు. ఎండకు వాలిన ఆకు సాయంత్రానికి లేస్తుంది. వాలిన ప్రతిసారీ పోసుకుంటూ పోతే వేరు కుళ్లుతుంది.

నీలిగుత్తి:

ఇన్ని వస్తాయని అనుకోలేదు, అందరికీ కృతజ్ఞతలు. అన్నీ మావాళ్లకు చదివి వినిపించాను. నిన్న మా సభ్యుల్లో అందరికంటే పాత మొక్క ఉన్నాయన ఇంట్లో కలిశాం. రావడం మానేసిన వాళ్లకు ఫోన్ చేసి, నంబర్ వేసిన మొక్క ఒకటి మీకోసం ఉంటుందని చెప్పాను. పన్నెండు మంది వచ్చారు. ముప్పై ఆరు కటింగ్స్ పెట్టాం. ఆయన ప్రతి కొమ్మ తీసే ముందూ ఒక క్షణం పట్టుకుని చూసి ఇచ్చారు.

మట్టివేళ్లు గారూ, ఒక పుస్తకం తయారు చేస్తున్నాను. నంబరు, ఎవరి తోట, మట్టి పీహెచ్, ఎండ ఎన్ని గంటలు, ఏ ఎరువు, మొదటి పువ్వు రంగు. ఇంకేమైనా గడి పెట్టాలా?

మట్టివేళ్లు:

పోసే నీళ్ల పీహెచ్‌కి ఒక గడి పెట్టండి. మేము మొదట్లో అది వదిలేశాం. మా ఆరో నంబరు మొక్క మొదటి ఏడాది నీలం, రెండో ఏడాది ఊదా, మూడో ఏడాది గులాబీ. మట్టిలో ఏమీ కలపలేదని ఆవిడ ఒట్టేసి చెప్పేవారు. చివరికి చూస్తే ఆవిడ పోసేది క్షారగుణం ఎక్కువున్న బోరు నీళ్లు, అవే మెల్లగా పీహెచ్ పెంచాయి. వాన నీళ్లు పట్టి పోయడం మొదలుపెట్టారు, నిరుడు మళ్లీ ఊదాకు వచ్చింది. మొక్క సిమెంటు గోడకు ఎంత దూరంలో ఉందో కూడా రాయండి, గోడ నుంచి దిగే సున్నం కూడా మట్టిని మారుస్తుంది.